పటం బీరువాలో, ప్లాటు చెరువులో

(దోహాలో శుక్రవారం సాయంత్రం జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరునే వీలైనంతవరకు అలాగే ఉంచాను.)



వారమంతా సైట్లలో, ఆఫీసుల్లో నలిగి, దొరికిన ఒక్క శుక్రవారం సాయంత్రాన్ని ఈ సమావేశానికి ఇచ్చారు. కొందరికి బయట పార్కింగ్ దొరకడానికే అరగంట పట్టిందని విన్నాను. అందుకని సూటిగా విషయంలోకి వస్తాను. నిర్వాహకులు నన్ను "పట్టణ ప్రణాళికలో పారదర్శకత" గురించి మాట్లాడమన్నారు. ఆ పేరు వింటేనే సగం మందికి ఆవులింత వస్తుంది. కాబట్టి నేను నీలం పలకతో మొదలుపెడతాను.

మీ ఇంటి గోడ మీద, గేటు పక్కన ఒక నీలం పలక ఉంటుంది. దాని మీద మూడు అంకెలు ఉంటాయి: బిల్డింగ్ నంబరు, జోన్ నంబరు, స్ట్రీట్ నంబరు. 2020 జనవరి 27 నుంచి ఆరు నెలలపాటు మనమందరం మెట్రాష్ యాప్ తెరిచి నేషనల్ అడ్రస్ నమోదు చేసుకున్నాం, గుర్తుందా? 2017 నాటి 24వ నంబరు చట్టం ప్రకారం అది తప్పనిసరి. చాలామంది ఫైన్ భయంతో చేశారు, నేనూ అంతే. అప్పుడు మనం ఎక్కించిన అంకెలు ఆ పలక మీదవే.

నేను 2006లో ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరూ అంకెలతో అడ్రస్ చెప్పేవారు కాదు. "క్రేజీ సిగ్నల్ దాటి రెండో రైటు", "రమదా సిగ్నల్ దగ్గర దిగి ఫోన్ చెయ్". ఆ రమదా హోటలు పేరు మారి ఎన్నో ఏళ్ళయింది, సిగ్నల్ మాత్రం ఇంకా రమదాయే. మనకిదేం కొత్త కాదు. లకిడీకాపూల్‌లో లకిడీ పూల్ ఎక్కడుందో చూపించండి చూద్దాం! నోటి గుర్తులతో బతకడం మనకు అలవాటు. ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి ఆ గుర్తులు సరిపోతాయి. కొత్తగా వచ్చినవాడికి, దూరంగా ఉన్నవాడికి సరిపోవు. ఈ హాల్లో కూర్చున్న మనమందరం దూరంగా ఉన్నవాళ్ళమే.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి పన్నెండు దాటాక నాకు ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఫోన్ వచ్చింది. సిరిసిల్ల వైపు అబ్బాయి. గదిలో తోటివాడికి గుండెల్లో నొప్పి. "అన్నా, అంబులెన్సోళ్ళకు అడ్రస్ ఎట్ల చెప్పాలె? నాకు అరబీ రాదు, ఇంగ్లీషు రాదు" అన్నాడు. గోడ మీద నీలం పలక ఉందా అని అడిగాను. ఉందన్నాడు. అంకెలు చదవమన్నాను, చదివాడు. నేను 999కి ఫోన్ చేసి ఆ అంకెలు చెప్పాను. అవతలివాళ్ళు "ఏ షాపు పక్కన, ఏ మసీదు ఎదురుగా" అని ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆ మనిషి బతికాడు, ఇప్పుడు ఊళ్ళో ఉన్నాడు.

ఆ పలక ఉట్టి పలక కాదు. దాని వెనక ఒక పటం ఉంది. నా ఉద్యోగం ఆ పటాల చుట్టూనే కాబట్టి కొంచెం చెబుతాను, విసుక్కోకండి. 1990ల నుంచే ఖతార్ దేశం మొత్తానికి ఒకే మూల పటాన్ని తయారుచేసుకుంది. మున్సిపల్ శాఖ కింద ఒక జీఐఎస్ కేంద్రం పెట్టి, కరెంటు, నీళ్ళు, మురుగు, టెలిఫోను, రోడ్లు అన్నీ ఆ ఒక్క పటం మీదే గీయాలని నియమం పెట్టుకుంది. కహ్రమావాళ్ళకు ఒక పటం, అష్ఘాల్‌వాళ్ళకు ఒక పటం అని వేరువేరుగా ఉండవు. ఒకరి గీత మరొకరికి కనిపిస్తుంది. ఇక్కడ కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్ళకు తెలుసు, రోడ్డులో మూరెడు కందకం తవ్వాలన్నా ముందు పర్మిట్ కావాలి, ఆ పర్మిట్ కోసం కింద ఏ కేబుల్, ఏ పైపు పోతోందో అందరి సంతకాలూ కావాలి. అయినా తప్పులు జరుగుతాయి. కేబుళ్ళు తెగుతాయి, నా కళ్ళ ముందే తెగాయి. కానీ తెగినప్పుడు తప్పు ఎవరిదో పటం చూసి చెప్పగలరు.

ఆ పటంలో కొంత భాగాన్ని జనానికి కూడా తెరిచారు. మూడు అంకెలు కొడితే ఆ భవనం ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుంది. దేశంలోని 8 మున్సిపాలిటీలకు తయారుచేసిన ప్రణాళికలు, జోనింగ్ పటాలు, ఏ జోన్‌లో ఏం కట్టవచ్చు, ఎంత ఎత్తు కట్టవచ్చు అనే నిబంధనలు మంత్రిత్వ శాఖ వెబ్‌లో పెట్టింది. నాలాంటి పరాయి దేశస్థుడు కూడా, ఎవరి సిఫారసూ లేకుండా, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

ఇక్కడివరకు వింటే "అబ్బ, మనవాడు ఖతార్ ప్రభుత్వానికి ప్రచారకర్తగా చేరాడు" అనుకుంటారు. ఆగండి, రెండో వైపు కూడా చెప్పాలి.

2010లో ఇక్కడ 15వ నంబరు చట్టం వచ్చింది. కుటుంబాలు నివసించే ప్రాంతాల్లో కార్మికుల వసతి గృహాలు ఉండకూడదని ఆ చట్టం. ఆ ప్రాంతాలేవో పటాలు గీసి ప్రకటించారు. అంటే ఏ గీతకు ఇవతల కరీంనగర్ మేస్త్రీ ఉండవచ్చు, ఏ గీతకు అవతల ఉండకూడదు అనేది కూడా పటంలోనే ఉంది, శుభ్రంగా, అందరికీ కనిపించేలా. ఆ గీత అక్కడే ఎందుకు గీశారని అడిగే హక్కు ఆ మేస్త్రీకి లేదు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఇండస్ట్రియల్ ఏరియాలో 1వ వీధి నుంచి 32వ వీధి వరకు మూసేశారు. ఆ రోజుల్లో మన సంస్థ తరఫున సరుకులు పంపడానికి మేము కూడా వీధి నంబర్లే వాడుకున్నాం. అంకెలుండటం వల్ల ఎవరు ఎక్కడున్నారో తెలిసింది. కానీ 32 దగ్గరే ఎందుకు ఆగింది, 33లో ఉన్నవాడికి ఎందుకు వర్తించదు అని అడగడానికి ఎవరి తలుపూ తట్టలేం.

ఇక్కడ సెంట్రల్ మున్సిపల్ కౌన్సిల్ అని 29 మంది ఎన్నికైన సభ్యుల సంఘం ఉంది, 1999 నుంచి ఎన్నికలు జరుగుతున్నాయి. ఓటు ఖతార్ పౌరులది, కౌన్సిల్ పని సలహాలివ్వడం. మనం అతిథులం. మనకు ఓటు కావాలని అడగడానికి నేనిక్కడ నిలబడలేదు, మీరెవరూ కంగారు పడొద్దు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇక్కడ పటం చూడవచ్చు, ప్రశ్న వెయ్యలేం. మన దగ్గర ప్రశ్న వెయ్యవచ్చు, పటమే కనిపించదు. ఈ రెండో మాట నాకు చాలా ఖరీదు పెట్టి అర్థమైంది. ఆ ఖరీదు సంగతి చెబుతాను.

2007. మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. గల్ఫ్‌లో ప్రతి హోటల్లో వారాంతానికొక ప్రాపర్టీ ఎగ్జిబిషన్. సమోసా, చాయ్, ఆర్ట్ పేపర్ మీద అచ్చేసిన బ్రోషరు. హైదరాబాద్‌కు తూర్పున, ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల ఒక ఊళ్ళో లేఅవుట్. ఆ కంపెనీ పేరు చెప్పను, అది ఇప్పుడు లేదు కూడా. బ్రోషర్లో ఆకుపచ్చ పార్కు, తెల్లటి రోడ్లు, పక్కన నీలం రంగులో చెరువు. "లేక్ వ్యూ" ప్లాట్లకు గజానికి కొంచెం ధర ఎక్కువ. నేను ఆ ఎక్కువ కూడా ఇచ్చి 200 గజాలు తీసుకున్నాను. మూలన చిన్న అక్షరాల్లో "పటం స్కేలు ప్రకారం లేదు" అని ఉంది. పటాలు గీసి బతికే నేను ఆ వాక్యాన్ని చదివి కూడా సంతకం పెట్టాను.

నేను గుడ్డిగా కొనలేదు సుమా. హైదరాబాద్‌లో వకీలుకు చూపించాను. లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయి, 30 ఏళ్ళ ఈసీ సరిగ్గా ఉంది, అమ్మినవాడికి పట్టా ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయింది, స్టాంపు డ్యూటీ కట్టాం. నాన్న వేసవిలో వెళ్ళి చూసి వచ్చారు. ఎండిన నేల, తుమ్మచెట్లు, హద్దురాళ్ళు పాతి ఉన్నాయి, బాగుందిరా అన్నారు.

2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో కురిసిన వాన మీకు తెలుసు. నాలుగు రోజుల తర్వాత నాన్న మళ్ళీ వెళ్ళారు. హద్దురాళ్ళు కనిపించలేదు. నడుము లోతు నీళ్ళు. కట్ట మీద మేకలు కాస్తున్న ఒక పెద్దమనిషి నాన్నతో అన్నమాట ఇది: "గది శిఖం గద సారూ. అలుగు దుంకినప్పుడు నీళ్ళు గా చింతచెట్టు దాక వస్తయి. కొనేముందు మమ్ముల నొక్కమాట అడిగితే చెప్పేటోళ్ళం గద."

శిఖం అంటే ఏమిటో తెలియని పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతాను. చెరువు నిండినప్పుడు మునిగే భూమి. నీళ్ళు తగ్గాక అందులో పంట వేసుకుంటారు. అలాంటి భూమిలో కొంత పట్టా భూమి కూడా ఉంటుంది. పట్టా నిజమే, అమ్మినవాడు నిజమైన యజమానే. కానీ అక్కడ సేద్యం చేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. చెరువు పూర్తిగా నిండినప్పటి హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఆ హద్దు దాటాక ఇంకో 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు వదలాలి.

ఇప్పుడు గమనించండి. నా వకీలు తప్పు చెప్పలేదు. ఈసీలో అప్పులు కనిపిస్తాయి, నీళ్ళు కనిపించవు. పట్టాలో యజమాని పేరు ఉంటుంది, అలుగు ఎత్తు ఉండదు. నిషేధిత భూముల 22ఎ జాబితాలో వెతికితే పట్టా భూమి కాబట్టి అందులోనూ లేదు. నీళ్ళ హద్దు ఒక్క పటంలోనే కనిపిస్తుంది. ఆ పటం లేదా అంటే, ఉంది! నీటిపారుదల శాఖ దగ్గర చెరువు పటం ఉంది. తహసీల్దారు ఆఫీసులో గ్రామ నక్షా ఉంది, టిప్పన్ ఉంది. పట్టణాభివృద్ధి సంస్థ దగ్గర భూ వినియోగ పటం ఉంది. మూడు ఆఫీసులు, మూడు బీరువాలు. మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే నా 200 గజాలు నీళ్ళలో ఉన్నట్టు రెండు నిమిషాల్లో తేలిపోయేది. అలా పెట్టి చూసే పని ఏ ఆఫీసుదీ కాదు. మేకల కాపరికి తెలిసిన సంగతి రిజిస్ట్రేషన్ చేసిన కంప్యూటర్‌కు తెలియదు.

అదే ఏడాది ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది. నేనూ వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ సంఖ్యను ఒకసారి తలుచుకోండి. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాటు కొన్నవాళ్ళు పాతిక లక్షలమంది దురాశాపరులా? వాళ్ళలో అత్యధికులకు కొనేనాడు చూసుకోవడానికి ఏ పటమూ అందలేదు. ఎఫ్‌టీఎల్‌లో ఉన్నవాటికి క్రమబద్ధీకరణ లేదు కాబట్టి నా ప్లాటు ఇప్పటికీ నా పేరు మీదే ఉంది. వానాకాలంలో చేపలది.

2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. తమ్మిడికుంట, సున్నం చెరువు దగ్గర జరిగిన కూల్చివేతలు మీరు టీవీల్లో చూశారు. దాని మీద ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయని నాకు తెలుసు, ఇందాక టీ దగ్గర వాదన కూడా విన్నాను. చెరువులను కాపాడాలి, అందులో నాకు సందేహం లేదు. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో బస్తీలు మునిగాయంటే చెరువులూ నాలాలూ పూడ్చడం వల్లనే. కానీ బుల్డోజరు వచ్చేముందు పటం రావాలి కదా! చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దులు ఖరారు చేసి ప్రకటించమని హైకోర్టు 2024లో గడువు పెట్టి చెప్పాల్సి వచ్చింది. హద్దు ఖరారు కాని చెరువు ఒడ్డున కొనేవాడిదీ జూదమే, కూల్చేవాడిదీ జూదమే.

"ఖతార్ చిన్న దేశం, డబ్బున్న దేశం, మనతో పోలికేమిటి" అని మీలో కొందరు అనుకుంటున్నారు. నిజం చూద్దాం. ఖతార్ మొత్తం విస్తీర్ణం సుమారు పదకొండున్నర వేల చదరపు కిలోమీటర్లు. 2025లో విస్తరించిన తర్వాత హెచ్‌ఎండీఏ పరిధి పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. అంటే ఒక్క హైదరాబాద్ అభివృద్ధి సంస్థ కిందే దాదాపు ఖతార్ అంత నేల ఉంది! తేడా లేదని అనను. ఇక్కడ చాలావరకు ఎడారి. అక్కడ గుంటలు గుంటలుగా చీలిన సర్వే నంబర్లు, తాతల నాటి టిప్పన్లు, నాలుగు తరాల దాయాదుల తగాదాలు. పని కష్టమే. కానీ డబ్బు గురించి అంటారా, పక్కనున్న కర్ణాటక ఏం పెద్ద చమురు బావుల మీద కూర్చోలేదు. అక్కడ దిశాంక్ అనే యాప్ ఉంది, రాష్ట్ర ప్రభుత్వమే తయారుచేసింది. పొలంలో నిలబడి ఫోన్ తెరిస్తే మీరు నిలబడిన సర్వే నంబరు కనిపిస్తుంది. బెంగళూరులో స్థలం కొనేవాళ్ళు ముందు అది తెరిచి చూస్తారు.

మనదగ్గర ఏమీ లేదని కూడా అనకూడదు. ఆంధ్రలో 2015 నుంచి మీభూమి ఉంది, అడంగల్, 1బి, ఎఫ్‌ఎంబీ చూసుకోవచ్చు. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ పటాలు వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చెరువుల పటాలూ కొన్ని ఉన్నాయి. మరి ఇబ్బంది ఏమిటంటే, ఏ ముక్కకు ఆ ముక్క. ఒకచోట సర్వే నంబరు ఉంటుంది, భూ వినియోగం ఉండదు. మరోచోట రంగులున్న పీడీఎఫ్ ఉంటుంది, పెద్దది చేస్తే అక్షరాలు అలికినట్టు అయిపోతాయి. దాని మీద నా ప్లాటు ఎక్కడో నేనే వేలు పెట్టి ఊహించుకోవాలి. మాస్టర్ ప్లాన్ వచ్చింది 2013లో. ఆ తర్వాత ఒక్కొక్క సర్వే నంబరుకు భూ వినియోగ మార్పిడి చేస్తూ జీవోలు వచ్చాయి. ఆ మార్పులు పటం మీద ఎక్కాయో లేదో చూసేవాడికి తెలియదు. ఏ తారీఖు వరకు సరైనదో చెప్పని పటం కంటే మా బ్రోషరే నయం, కనీసం స్కేలు ప్రకారం లేదని ఒప్పుకుంది.

ఇంతవరకు కొనేవాడి బాధ చెప్పాను. అమ్ముకోనివాడి బాధ ఇంకా పెద్దది. ఇక్కడ కామారెడ్డి, జగిత్యాల వాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, మూడో వంతు హాలు. 2023 జనవరిలో మీ ఊళ్ళలో ఏం జరిగిందో మీకు గుర్తుంది. కామారెడ్డి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. జగిత్యాలలోనూ అదే గొడవ. చివరికి ఆ నెలలోనే రెండు మున్సిపాలిటీలూ ఆ ముసాయిదాలను వెనక్కి తీసుకున్నాయి. ఆ వారాల్లో నాకు దోహాలో, రయ్యాన్‌లో, వక్రాలో ఉన్న మన కుర్రాళ్ళ నుంచి వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి. పటాన్ని సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటో, దానికి తీసిన ఫొటో. "అన్నా, మా ఎకరంన్నర ఊదా రంగుల ఉన్నదా, పచ్చ రంగుల ఉన్నదా జర చూసి చెప్పు" అని. నా ఆఫీసులో పెద్ద తెర ఉంది, ఇరవయ్యేళ్ళ అనుభవం ఉంది. నేను చెప్పలేకపోయాను. ఆ ఫొటోలో సర్వే నంబర్లు లేవు, ఉన్నా కనిపించలేదు.

ఆ కుర్రాడు పదేళ్ళు ఇక్కడ ఎండలో చేసిన కష్టం ఆ ఎకరంన్నర. ఒక రంగు పడితే దాని ధర మారిపోతుంది, బ్యాంకు లోను మారిపోతుంది, చెల్లెలి పెళ్ళి మారిపోతుంది. చట్టం ప్రకారం ముసాయిదా మీద అభ్యంతరం చెప్పే హక్కు అతనికి ఉంది. గడువు కూడా ఇచ్చారు. ఏ గీత మీద అభ్యంతరం చెప్పాలో చూపించకుండా ఇచ్చిన గడువు అది.

చట్టాల కొరత మనకు లేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నుంచి అమల్లో ఉంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అందులో నాలుగో సెక్షన్ ఎవరూ అడగకముందే సమాచారాన్ని ప్రకటించమని చెబుతుంది. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం మొదలుపెట్టినప్పుడు నగరాలకు డబ్బివ్వడానికి పెట్టిన షరతుల్లో ప్రజలకు వివరాలు వెల్లడించే చట్టం ఒకటి, వార్డు స్థాయిలో ప్రజల భాగస్వామ్యానికి చట్టం ఇంకొకటి. హైదరాబాద్ కూడా ఆ డబ్బు తీసుకుంది. ఫ్లైఓవర్లూ పైపులైన్లూ గుర్తున్నాయి, షరతులు మాత్రం మనకూ గుర్తులేవు.

"పటాలు బయటపెడితే దేశ భద్రతకు ముప్పు" అనే సమాధానం ఒకప్పుడు వినిపించేది. 2021 ఫిబ్రవరి 15న కేంద్రమే ఆ ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది, 2022లో జాతీయ విధానం కూడా ప్రకటించింది. బాలానగర్‌లో కూర్చున్న మన ఎన్‌ఆర్‌ఎస్‌సీ శాస్త్రవేత్తలు 2009లోనే భువన్ తెరిచి దేశం మొత్తం ఉపగ్రహ చిత్రాలు జనానికి చూపించారు. ఆ ఆఫీసుకు పట్టుమని పాతిక మైళ్ళ దూరం లేని చెరువు హద్దు మాత్రం రహస్యం! ఇంకో సమాధానం "రియల్ ఎస్టేట్‌వాళ్ళు దుర్వినియోగం చేస్తారు". వాళ్ళకు ఇవాళ తెలియనిదేముందండీ? 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అలైన్‌మెంట్ గురించి 2000ల దశకంలో ఎంత రభస జరిగిందో మనం చూశాం. రోడ్డు ఎటు వంగుతుందో ముందు తెలిసినవాడు కొన్నాడు, ఆఖరున తెలిసినవాడు అమ్ముకున్నాడు. పటం అందరికీ ఒకే రోజు కనిపిస్తే పోయేది ఆ ముందు తెలిసినవాడి లాభమే.

నిజానికి ఈ నగరానికి పటం కొత్తా? 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచేసిన తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఆ రోజుల్లోనే లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని వీధివీధినా కొలిచి పటాలు గీశారు. ఆ షీట్లు చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. నీళ్ళు ఎటు పోతాయో తెలియకుండా నగరం కట్టకూడదని వరదలో వేలమందిని పోగొట్టుకున్నాక ఆనాటివాళ్ళు గ్రహించారు.

మన ఫోరం తరఫున మనం అడగవలసింది పెద్దగా ఏమీ లేదు. మాస్టర్ ప్లాన్, చెరువు హద్దులు, ప్రతిపాదిత రోడ్లు సర్వే నంబర్ల పటం మీద ఒకేచోట పెట్టాలి. ప్రతి పటం మీదా తారీఖు ఉండాలి. భూ వినియోగం మార్చిన ప్రతి జీవో ఆ పటం మీదికి ఎక్కాలి, మార్చకముందు ఏముండేదో కూడా చెరిపేయకుండా ఉంచాలి. ఎవరు అడిగితే ఏ నెలలో మారిందో కనిపించాలి. ముసాయిదా ప్లాన్ మీద అభ్యంతరం దోహా నుంచైనా, దుబ్బాక నుంచైనా వెబ్‌లో పంపితే రసీదు రావాలి, దానికి జవాబు అందరికీ కనిపించాలి. ఇంగ్లీషులో ఉంటే చాలదు, తెలుగులో ఉండాలి, ఉర్దూలో ఉండాలి. ఇంటర్నెట్ లేనివాడి కోసం పెద్ద ప్రింటు తీసి గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. సబ్ రిజిస్ట్రార్ కంప్యూటర్లో సర్వే నంబరు కొట్టగానే "ఇందులో కొంత భాగం ఎఫ్‌టీఎల్‌లో ఉంది" అని ఒక ఎర్ర వాక్యం రావాలి. రిజిస్ట్రేషన్ ఆపమని కాదు, కొనేవాడికి తెలియజెప్పమని.

ఒక జాగ్రత్త కూడా ఉండాలి. పటం తెరవగానే పేదవాడి గుడిసె ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ఇండస్ట్రియల్ ఏరియా సంగతి ఇందాక చెప్పాను కదా, తెరిచిన పటం ఎవరినైనా బయటికి నెట్టడానికీ పనికొస్తుంది. అందుకని పటాన్నీ అభ్యంతరం చెప్పే హక్కునూ కలిపే అడగాలి. ఒకటి వచ్చాక రెండోదానికి చూద్దాంలే అంటే రెండోది రాదు. ఈ విషయంలో మన కార్యవర్గంలో కొందరు నాతో ఏకీభవించరు, ముందు పటం రానివ్వండి అంటారు. ఆ చర్చ వచ్చే సమావేశంలో పెట్టుకుందాం.

ఈ హాల్లో సర్వేయర్లున్నారు, ఆర్కిటెక్టులున్నారు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళున్నారు. ఖతార్ పటాలు గీసేవాళ్ళలో, వాటికి ప్రోగ్రాములు రాసేవాళ్ళలో ఎంతమంది తెలుగువాళ్ళున్నారో నాకు తెలుసు, మీకూ తెలుసు. కాబట్టి వచ్చే శుక్రవారానికి ఒక చిన్న పని. ఊళ్ళో మీకున్న ప్లాటుదో పొలానిదో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఒక కాగితం మీద రాసి తీసుకురండి. డాక్యుమెంట్లు వద్దు, ధర వద్దు, మీ పేరు కూడా వద్దు. మా జట్టు నలుగురం లాప్‌టాప్‌లతో కూర్చుంటాం. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఇవాళ అందరికీ దొరికేవాటితో మాత్రమే మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతాం: ఈ నేల ఏ జోన్‌లో ఉంది, చెరువుకో నాలాకో ఎంత దూరం, మీదుగా ఏదైనా రోడ్డు ప్రతిపాదన ఉందా. ఎన్నిటికి జవాబు దొరికింది, ఎన్నిటికి దొరకలేదు, ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది రాసుకుంటాం. ఆ లెక్కతోనే రెండు రాష్ట్రాల పట్టణాభివృద్ధి శాఖలకూ వినతిపత్రం రాద్దాం. మొదటి కాగితం నాదే, ఆ 200 గజాలది. ఇదిగో, టేబుల్ మీద పెడుతున్నాను.